‘ఫలానా వారి సహాయార్థం’: వలస పత్రికల నాటక ప్రకటనల్లో దాగిన జీతాల లెక్క

1796 జులై 30న సిడ్నీలో ఒక నాటకం ఆడారు. దానికోసం అచ్చువేసిన కరపత్రం ఒకటి ఎలాగో సముద్రాలు దాటి కెనడా చేరింది. అక్కడి జాతీయ గ్రంథాలయంలో, పాత కాగితాలు అతికించిన ఒక పుస్తకంలో, ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. 2007లో దాన్ని గుర్తించి కెనడా ప్రభుత్వం ఆస్ట్రేలియాకు అప్పగించింది. ఆస్ట్రేలియాలో అచ్చయి నేటికీ మిగిలిన కాగితాల్లో అన్నిటికంటే పాతది అదే. అచ్చువేసిన జార్జి హ్యూస్ కూడా, అప్పటి సిడ్నీలో చాలామందిలాగే, శిక్షపడి ఓడెక్కి వచ్చిన ఖైదీ.

ఆ కరపత్రంలో అన్నిటికంటే పైన ‘గవర్నరు గారి అనుమతితో’ అన్న మాట ఉంటుంది. దాని కిందే ‘జె. బట్లర్, డబ్ల్యూ. బ్రయంట్‌ల సహాయార్థం’ అని ఉంటుంది. నాటకం పేరు ఆ తర్వాతే వస్తుంది. ఆ రాత్రి ఆడినది ‘జేన్ షోర్’ అనే విషాద నాటకం. దాని వెంట ఒక నృత్యం, చివర ఒక ప్రహసనం.

సహాయార్థం అనగానే మనకు తుఫాను బాధితులో, చందా పుస్తకమో గుర్తొస్తుంది. బట్లర్, బ్రయంట్ ఏ విపత్తులోనూ చిక్కుకున్నవారు కారు. ఆ నాటక బృందానికి చెందినవారే. వాళ్లకు రావలసిన కూలి ఆ రాత్రి వసూళ్ల రూపంలో వస్తుందన్నదే ఆ మాటకు అర్థం. తర్వాతి వందేళ్లలో సిడ్నీ నుంచి కలకత్తా దాకా ఇంగ్లీషు వలస పట్టణాల పత్రికల్లో కనిపించే ‘బెనిఫిట్’ ప్రకటనలను చదవాలంటే ఈ తేడాను ముందు పట్టుకోవాలి. చూడడానికి అది విన్నపం. లోపల ఉన్నది జీతాల లెక్క. యజమాని జేబులోంచి రావలసిన డబ్బును నటుడు ఊరి దగ్గర చేతులు జోడించి తెచ్చుకునే ఏర్పాటు అది.

ఈ పద్ధతి వలస పట్టణాల్లో పుట్టినది కాదు. 17వ శతాబ్దం చివర్లో లండన్‌లో ఎలిజబెత్ బారీ అనే నటికి ఒక రాత్రి వసూళ్లను ప్రత్యేకంగా ఇచ్చారనీ, నటులకు బెనిఫిట్ అక్కడినుంచే మొదలైందనీ చెబుతారు. గొప్ప నటికి దక్కిన ఆ గౌరవం కొద్దికాలంలోనే అందరి ఒప్పందాల్లోకీ పాకింది. వారానికి ఇచ్చే జీతం తక్కువే అయినా, సీజను చివర ఒక బెనిఫిట్ రాత్రి ఇస్తామని యజమాని ఆశ పెట్టేవాడు. అసలు సంపాదన ఆ రాత్రిదే.

లెక్క ఎలా ఉండేదో ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. హాలు నిండితే ఆరు వందల రూపాయలు వస్తాయనుకుందాం. అద్దె, దీపాలు, వాద్యగాళ్లు, కరపత్రాలు, పత్రికా ప్రకటనలు అన్నీ కలిపి హాలు ఖర్చు కింద యజమాని మూడు వందల యాభై ముందే పట్టుకుంటాడు. మిగిలిన రెండు వందల యాభై నటిది. అదే రాత్రి వాన కురిసి రెండు వందలే వసూలైతే? హాలు ఖర్చుకు తగ్గిన నూట యాభై ఆమె చేతినుంచి కట్టాలి. హాలు నిండినా నిండకపోయినా యజమాని ఖర్చు అతనికి వచ్చేస్తుంది, నష్టభయమంతా నటి నెత్తిన పడుతుంది. పేరున్నవాళ్లు హాలు ఖర్చు పట్టుకోని ‘స్వచ్ఛమైన బెనిఫిట్’ కోసం బేరమాడేవారు. చిన్న వేషాల వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక రాత్రిని పంచుకునేవారు. ఇంకా కిందివాళ్లకు టిక్కెట్లు ఇచ్చి, వాళ్లు అమ్మినంతలో సగం వాళ్లకు వదిలేసేవారు. ఒక సీజను చివరి వారాల ప్రకటనలను వరసగా పెట్టుకుని చూస్తే ఆ బృందంలో ఎవరి స్థాయి ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. మంచి రోజులన్నీ పెద్ద పేర్లకు పోతాయి. జనం పలచబడ్డాక మిగిలిన రోజులు జంట పేర్లకు దక్కుతాయి.

సిడ్నీలో 1796లో వార్తాపత్రిక లేదు. ఖైదీగా వచ్చిన జార్జి హోవ్ అనే ముద్రాపకుడు 1803 మార్చి 5న ‘సిడ్నీ గెజెట్’ మొదటి సంచిక తెచ్చేదాకా ఆ వలసకు పత్రికే లేదు. రాబర్ట్ సైడవే నడిపిన ఆ తొలి నాటకశాలలో గ్యాలరీ టిక్కెట్టు ఒక షిల్లింగు. చేతిలో నాణేలు లేని ఊరు కాబట్టి షిల్లింగుకు బదులు పిండి, మాంసం, సారాయి కూడా గుమ్మం దగ్గర పుచ్చుకునేవారని అప్పటి అధికారి డేవిడ్ కాలిన్స్ రాసిపెట్టాడు. రెండో ప్రదర్శన రాత్రే, జనం నాటకంలో మునిగి ఉండగా దొంగలు ఇళ్లలో పడ్డారని కూడా ఆయనే రాశాడు. నాటకశాల కొన్నేళ్లకే మూతపడింది. బార్నెట్ లెవీ లైసెన్సు సంపాదించి 1833 అక్టోబరు 5న థియేటర్ రాయల్ తెరిచాకే సిడ్నీ పత్రికల్లో నాటక ప్రకటనలు క్రమం తప్పకుండా కనిపిస్తాయి.

అప్పటి పత్రికల మొదటి పేజీలో వార్తలు ఉండేవి కావు. ఓడల రాకపోకలు, వేలాలు, తప్పిపోయిన గుర్రాలు, వైన్ పీపాల ధరలు, వీటి మధ్య నాటకశాల ప్రకటన. బెనిఫిట్ ప్రకటనకు దాదాపు ఒకే అచ్చు ఉంటుంది. మొదట గవర్నరు గారి, లేదా ఫలానా కల్నల్ గారి ప్రాపకంలో అన్న మాట. తర్వాత విన్నపం. మన పాత కరపత్రాల భాషలోకి తెస్తే ‘శ్రీమతి ఫలానా ఈ పట్టణమునందలి దొరలకును దొరసానులకును సవినయముగా విన్నవించుకొనునదేమనగా’ అన్నట్టు ఉంటుంది. ఆపైన నాటకం, మధ్యలో పాట, ఎవరో ఒకరి నావికుల నృత్యం, చివర నవ్వుల ప్రహసనం. అందరికంటే కింద, చిన్న అక్షరాల్లో, టిక్కెట్లు దొరికే చోటు.

నా దృష్టిలో ప్రకటన మొత్తానికి ఆయువుపట్టు ఆ చివరి పంక్తి. మామూలు రోజుల్లో టిక్కెట్లు నాటకశాల దగ్గరో, పత్రికాఫీసులోనో అమ్మేవారు. బెనిఫిట్‌కు మాత్రం నటి బస చిరునామా కూడా ఇచ్చేవారు. టిక్కెట్టు కావలసిన పెద్దమనిషి ఆమె గుమ్మానికి వస్తాడు, లేదా ఆమే అతని గుమ్మానికి వెళుతుంది. ఇంగ్లండులోని చిన్న ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి టిక్కెట్లు అంటగట్టడం నటులకు మామూలే. తెల్లవారి సంఖ్య కొద్ది వేలు దాటని వలస పట్టణంలో అయితే అందరూ అందరికీ తెలుసు. ఆమె ఎవరి గుమ్మం తొక్కింది, ఏ అధికారి భార్య ఆమెను లోపలికి రమ్మంది, ఎవరు నౌకరు చేత డబ్బు పంపి సరిపెట్టారు, ఇవన్నీ మర్నాటి ముచ్చట్లు. రంగస్థలం మీద రాణి వేషం కట్టే మనిషి ఆ వారం మాత్రం ఊరి మర్యాదల మెట్ల మీద నిలబడి ఉండేది. ప్రకటనలోని ‘సవినయముగా’ అన్న మాట మర్యాద కోసం వేసిన అలంకారమే అయినా, ఆ వినయం చూపకపోతే హాలు నిండదు.

బదులుగా ఆ ఒక్క రాత్రికి ఆమెకు ఒక స్వేచ్ఛ ఉండేది. ఏ నాటకం ఆడాలో, ఏ వేషం కట్టాలో సాధారణంగా ఆమే నిర్ణయించుకోవచ్చు. ఏడాది పొడుగునా పనిమనిషి వేషాలు వేసిన నటి ఆ రాత్రి జూలియెట్ అయ్యేది. హాస్యగాడు హ్యామ్లెట్ కట్టాలని ముచ్చటపడేవాడు. ఆడవాళ్లు మగవేషాలు కట్టడం బెనిఫిట్లకు పెద్ద ఆకర్షణ. తోటి నటులు ‘దయతో స్వచ్ఛందంగా’ పాల్గొంటున్నారని ప్రకటనలో వేసేవారు. ఆ దయ వెనక అప్పు లెక్క ఉంది. ఈ వారం నీకు నేను, వచ్చే వారం నాకు నువ్వు. ఎవరి ముచ్చట వాళ్లు తీర్చుకుంటూ, ప్రతి స్నేహితుడి పాటా ఇరికిస్తూ పోయేసరికి కార్యక్రమం అర్ధరాత్రి దాకా సాగేది. వీధి దీపాలు సరిగా లేని ఊళ్లలో ఇంటికి వెళ్లే దారి కనబడాలని పున్నమి దగ్గర రోజులు చూసుకునేవారు.

కలకత్తాలో ఈ వ్యవస్థ ఇంకో మలుపు తిరిగింది. 1813 నవంబరులో మొదలైన చౌరంఘీ థియేటర్‌ను దొరలు చందాలు వేసుకుని కట్టుకున్నారు. వేషాలు కట్టిన మగవాళ్లలో కంపెనీ ఉద్యోగులు, సైనికాధికారులు, పండితులు ఉన్నారు. సంస్కృత నాటకాలను ఇంగ్లీషులోకి తెచ్చిన హొరేస్ హేమన్ విల్సన్ వారిలో ఒకడు. వాళ్లు సరదాకు ఆడేవాళ్లు, డబ్బు ముట్టుకోవడం వాళ్ల హోదాకు తగదు. ఆడవేషాలకు మాత్రం జీతం ఇచ్చి నటీమణులను పెట్టుకున్నారు. కాబట్టి ఒకే దృశ్యంలో పక్కపక్కన నిలబడిన ఇద్దరిలో ఒకరు దొర, ఒకరు కూలి. సరదాకు ఆడే దొరకు బెనిఫిట్‌తో పనిలేదు. ఆ మాటతో నిజంగా అవసరం ఉన్నది అతని పక్కన నిలబడిన ఆమెకే.

ఆ నటీమణుల్లో ఎస్తేర్ లీచ్‌ది పెద్ద పేరు. సైనికుడి కూతురు, సైనికుడి భార్య. 1839 మే 31న చౌరంఘీ థియేటర్ కాలిపోయింది. అంతకు నాలుగేళ్ల ముందు బెంగాలీ వ్యాపారి ద్వారకానాథ్ ఠాగూర్ దాన్ని వేలంలో కొన్నాడు. మంటలు చల్లారిన మూడు నెలల లోపే, అంటే ఆగస్టులో, లీచ్ ఒక తాత్కాలిక హాలులో ‘సాన్ సూసీ’ పేరుతో నాటకాలు మొదలుపెట్టింది. ఆమెకు వెన్నుదన్నుగా నిలిచిన స్టాక్వెలర్ ‘ఇంగ్లిష్‌మన్’ పత్రిక సంపాదకుడు. ప్రకటన అచ్చయ్యే పత్రిక, దాని మీద సమీక్ష రాసే కలం, నాటకశాల, మూడూ ఒకే వర్గం చేతిలో ఉండడం వలస పట్టణాల్లో అరుదేమీ కాదు. శాశ్వత భవనానికి చందాలు ఎత్తితే గవర్నర్ జనరల్ ఆక్లండ్ వెయ్యి రూపాయలు, ద్వారకానాథ్ మరో వెయ్యి ఇచ్చారు. పార్క్ స్ట్రీటులో కొత్త సాన్ సూసీ 1841 మార్చిలో తెరుచుకుంది. ఇప్పుడు అక్కడ సెయింట్ జేవియర్స్ కళాశాల ఉంది.

నటి యజమాని అయితే బెనిఫిట్ అర్థం మారిపోవాలి. హాలు ఖర్చు పట్టుకునేది ఆమే, నష్టం మోసేది కూడా ఆమే. ఆ లెక్కన లీచ్‌కు ప్రతి రాత్రీ బెనిఫిట్ రాత్రే. 1843 నవంబరు 2న షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ అయ్యాక, వెనక ఆడవలసిన చిన్న నాటకానికి వేషం కట్టుకుని తెర పక్కన నిలబడి ఉండగా, నూనె దీపం తగిలి ఆమె దుస్తులు అంటుకున్నాయి. పదహారు రోజుల తర్వాత చనిపోయింది. అప్పటికి ఆమెకు 34 ఏళ్లు.

నిజమైన దాన ప్రదర్శనలు కూడా ఉండేవి. ఆసుపత్రి కోసం, అనాథ పిల్లల కోసం, ఓడ మునిగి చనిపోయిన వారి కుటుంబాల కోసం. ప్రకటనలో వాటి రూపం నటుల బెనిఫిట్‌లాగే ఉండడం చదివేవారిని తికమక పెడుతుంది. అయితే ఈ కలగాపులగం వల్ల నాటకశాలకు లాభమే. నాటకమంటే తాగుడు, తగాదాలు అని మతాధికారులు తిట్టిపోసే రోజుల్లో, నెలకొకసారి ఆసుపత్రికి డబ్బు పంపితే నోళ్లు కొంత మూతపడతాయి. లైసెన్సు ఇచ్చే గవర్నరు దానధర్మం పేరుతో ముందు వరసలో కూర్చోగలడు. గవర్నరు వస్తున్నాడంటే ఆయన చుట్టూ తిరిగేవాళ్లంతా వస్తారు. రెజిమెంటు బ్యాండును కల్నల్ ఉచితంగా పంపుతాడు. అలా చూస్తే దానం కోసం ఒక రాత్రి వసూళ్లు వదులుకోవడం యజమానికి చవకైన బేరం.

ఈ గొడుగు కిందికి బెంగాలీలు వచ్చినప్పుడు సంగతి మరింత ఆసక్తికరంగా మారింది. 1872 డిసెంబరు 7న కలకత్తా జొరాసాంకోలో ఒక ఇంటి ఆవరణలో నేషనల్ థియేటర్ టిక్కెట్లు పెట్టి ‘నీల్ దర్పణ్’ ఆడింది. నీలిమందు తోటల దొరలు రైతులను పెట్టిన బాధల మీద దీనబంధు మిత్ర రాసిన నాటకం అది. దాని ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించినందుకు 1861లో జేమ్స్ లాంగ్ అనే మిషనరీ జైలుకు వెళ్లాడు. అటువంటి నాటకాన్ని 1873 మార్చి 29న కలకత్తా టౌన్ హాలులో ఆడారు. నేటివ్ హాస్పిటల్ సహాయార్థం. దొరల సభలు, సన్మానాలు జరిగే ఆ భవనంలోకి దొరలను తిట్టే నాటకం వెళ్లడానికి ఆసుపత్రి పేరు దారి చేసిందని చదువుకోవడానికి వీలుంది. వలస పాలకులు నేర్పిన మర్యాద రూపాన్నే వాళ్ల ముందు నిలబెట్టడం ఇందులోని చమత్కారం. నచ్చని నాటకాలను నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇస్తూ 1876లో ఫిబ్రవరి చివర ఆర్డినెన్సు, డిసెంబరులో నాటక ప్రదర్శనల చట్టం వచ్చాక అటువంటి సందులు చాలావరకు మూసుకుపోయాయి.

టౌన్ హాలు ప్రదర్శనకూ ఈ చట్టానికీ మధ్య, 1875లో, ఒక బెంగాలీ నటి బెనిఫిట్ జరిగింది. గోలాప్ అనే పేరుతో వేదిక ఎక్కిన ఆమెను, వేశ్యావాటిక నుంచి వచ్చిన నటికి సంసారం దక్కాలన్న సంస్కరణ ఉత్సాహంతో, దర్శకుడు ఉపేంద్రనాథ్ దాస్ తోటి నటుడికిచ్చి 1872 నాటి పౌర వివాహ చట్టం కింద పెళ్లి చేయించాడు. సుకుమారి దత్త అయింది. భర్త ఆమెను వదిలి వెళ్లిపోయాడు. పొట్ట గడవని స్థితిలో ఆమె ‘అపూర్వ సతి’ అనే నాటకం తయారుచేసింది. వేశ్య కూతురు గౌరవంగా బతకాలనుకుంటే ఏమవుతుందన్నది దాని కథ. ఆ నాటకాన్ని ఆమె సహాయార్థమే ఆడారు. బెంగాలీలో దీన్ని ‘సాహాయ్య రజని’ అన్నారు. ఇంగ్లీషు బెనిఫిట్‌లో నటి తనకు నచ్చిన వేషం ఎంచుకునేది. సుకుమారి ఏకంగా నాటకాన్నే రాసుకుంది. బెనిఫిట్ అన్న ఏర్పాటు తన పాత అర్థంలో, అంటే నటి తన రాత్రిని తానే నిర్ణయించుకోవడంలో, ఇంత దూరం వెళ్లిన సందర్భం మరొకటి నాకు కనిపించలేదు.

శతాబ్దం చివరికి వచ్చేసరికి ఈ పద్ధతి సన్నగిల్లింది. ఒకే నాటకాన్ని నెలల తరబడి ఆడడం మొదలయ్యాక, రోజుకొక నాటకం మార్చే పాత బృందాలు చెదిరిపోయాయి. జీతాలు పెరిగాయి, బెనిఫిట్ పెట్టించుకోవడం అడుక్కోవడం కింద లెక్కకొచ్చింది. ముసలి నటుల వీడ్కోలుకూ, విరాళాల ప్రదర్శనలకూ మాత్రం ఆ మాట మిగిలింది.

తెలుగువాళ్లకు మాట అందింది ఈ చివరి అర్థంలోనే. నాటక సమాజాల కాలంలో బెనిఫిట్ అంటే ఏదో ఒక మంచి పనికి ఆడే నాటకం. వకీలుగా సంపాదించుకుంటూ నాటకాల డబ్బును దానాలకు ఇచ్చిన బళ్లారి రాఘవ దానికి పెద్ద ఉదాహరణ. సినిమా హాళ్లకు వచ్చేసరికి దానం కూడా జారిపోయింది. అభిమాన సంఘాలు ఎక్కువ ధరకు టిక్కెట్లు అమ్మే తొలి ఆటకు బెనిఫిట్ షో అన్న పేరు మిగిలింది. 2024 డిసెంబరులో హైదరాబాదు సంధ్య థియేటర్ తొక్కిసలాట తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఇక వాటికి అనుమతి ఇవ్వబోమన్నప్పుడు టీవీ చర్చల్లో ఆ పదం వందల సార్లు వినిపించింది. దానికి ఒకప్పుడు వేషగాడి కూలి అని అర్థం ఉండేదన్న సంగతి గుర్తుచేసినవాళ్లు లేరు.

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం తన పాత పత్రికలను ‘ట్రోవ్’ పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టాక ఈ ప్రకటనలను ఇంట్లో కూర్చునే చదవవచ్చు. చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ప్రకటన జరగబోయేది చెబుతుంది, జరిగింది చెప్పదు. హాలు ఖర్చు ఎంత పట్టుకున్నారో, చివరికి చేతికి ఎంత వచ్చిందో అందులో ఉండదు. వారం తర్వాతి సంచికలో ‘ప్రజలకు కృతజ్ఞతలు’ అని చిన్న ప్రకటన ఉంటే కొంత వసూలైందనుకోవచ్చు. అది లేకుండా, నెల తిరగకముందే అదే పేరు మీద ‘మొన్నటి రాత్రి వాన కారణంగా’ అంటూ మళ్లీ బెనిఫిట్ ప్రకటన కనిపిస్తే, మొదటిసారి హాలు ఖర్చు కూడా రాలేదన్నమాట. రెండో ప్రకటనలో టిక్కెట్లు దొరికే చిరునామా మారి ఉంటే, బస ఖాళీ చేయవలసి వచ్చిందేమో కూడా చూడాలి.